శబ్దము లేని కావ్యము

మన వాఙ్మయమున మూగవాఁ డుపమానముగాఁ దఱచు కానవచ్చును. వక్తగా మాత్ర మరుదుగనైనఁ గానరాఁడు. భక్తిస్వరూప మనిర్వచనీయమని చెప్పఁబూనిన నారదభక్తిసూత్రములలో మూకుని రసాస్వాదనము పోలికగా వచ్చినది. రుచి యెఱుఁగును గాని చెప్పలేఁడని తాత్పర్యము. గీతాధ్యానశ్లోకములలో భగవత్కృప మూకుని వాచాలునిఁ జేయునన్న స్తుతి కలదు. మూకపంచశతీకర్తనుగూర్చిన యైతిహ్యము కామాక్షీదేవి యనుగ్రహమున వాక్కు వచ్చిన పిమ్మటనే యాతనికిఁ గవిత్వ మబ్బెనని చెప్పుచున్నది. చెవిటివాని ముందు శంఖ మూఁదుట తెలుఁగువారి సామెతలో వ్యర్థప్రయత్నమునకుఁ బర్యాయము. వీని యన్నిటి క్రింద నొకే సిద్ధాంతము దాఁగియున్నది. భాష యనఁగా నోటినుండి వెడలి చెవిఁ జేరునది. ఆ దారి లేనివానికి భాష లేదు. భాష లేనివానికి సాహిత్యమును లేదు.

ఇది యలంకారములవఱకే నిలిచియుండినచో నుపేక్షింపవచ్చును. కాని మనుస్మృతి నవమాధ్యాయమున బధిరుఁడును మూకుఁడును దాయభాగమునకు ననర్హులుగాఁ బరిగణింపఁబడి, గ్రాసాచ్ఛాదనములకు మాత్రమే పాత్రులైరి. హిందూ ధర్మశాస్త్రము ననుసరించిన న్యాయస్థానములలో నీ నిషేధము చిరకాలము చెల్లినది. 1928వ సంవత్సరపు శాసనము దీనిని చాలవఱకుఁ దొలఁగించెను. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ శాసనముతో నిది సమూలముగాఁ బోయెను. ఉపమానమునుండి ధర్మశాసనమునకు దూరము స్వల్పమే. భాష లేనివాఁడన్న భావన స్థిరపడిన పిమ్మట సొత్తు లేనివాఁడనుట కెక్కువ కాలము పట్టదు. కావున నీ సిద్ధాంతమును బరీక్షించుట పండితులకు వినోదమాత్రము గాదు.

మొదట నొక పేరు నిర్ణయింపవలయును. బధిరులు చేతులతోడను ముఖముతోడను వ్యవహరించు భాషను మనవారు సైగల భాష యనియు సంజ్ఞాభాష యనియుఁ జెప్పుచున్నారు. సైగ యనఁగా మాట యుండియుఁ జెప్పక సూచించుట. కన్నుగీఁటుట, చేయి యాడించుట యిట్టివి. ఆ శబ్దమున నసంపూర్ణత్వము ధ్వనించుచున్నది. సంజ్ఞ యన్న మాట మేలు. బాలవ్యాకరణము సంజ్ఞాపరిచ్ఛేదముతో నారంభమగుట చదువరు లెఱుఁగుదురు. సంజ్ఞ సంకేతముచే నర్థమునందు నిలుపఁబడిన పేరు. ఇచటఁ బ్రతిపాదింపఁబోవు విషయమును సరిగా నదియే.

బధిరుల సంజ్ఞలు వట్టి యభినయమనియు, లోకమందంతటను నొక్కటే యనియు, వ్యాకరణము లేనివనియుఁ జదువుకొన్నవారును నమ్ముదురు. ఈ మూఁడు మాటలును దప్పే. 1960వ సంవత్సరమున అమెరికాలోని గాలడెట్ కళాశాలయందు నింగ్లీషు బోధించుచుండిన విలియం స్టోకీ యనునాతఁ డొక చిన్న గ్రంథమును బ్రకటించెను. ఈతఁడు మధ్యయుగాంగ్ల సాహిత్యమునఁ బండితుఁడు. భాషాశాస్త్రమునకుఁ దరువాత వచ్చినవాఁడు. తన విద్యార్థులు చేతులతోఁ జేయుచుండినది ముక్కలుగా విడఁదీయఁదగిన భాష యని యాతఁడు గనిపెట్టెను. సంజ్ఞ యొక చిత్రము గాదు. హస్తాకారము, అది నిలుచు స్థానము, అది చేయు చలనము అను నంగముల కూడిక. తెలుఁగున కల, తల, వల యన్న పదములలో నొక్క హల్లు మాఱినంత నర్థము మాఱునట్లే యచ్చట నొక్క యంగము మాఱినంత నర్థము మాఱును. అమెరికా సంజ్ఞాభాషలో వంచిన చూపుడువ్రేలిని నుదుటి యెదుట నడ్డముగా లాగిన వేసవి. అదే వ్రేలిని, అదే చలనమును ముక్కు నొద్దఁ జేసిన వికారము. గడ్డము నొద్దఁ జేసినఁ బొడి. ఆకార మొకటి, చలన మొకటి, స్థానము మాత్రమే వేఱు. వేసవికిని వికారమునకును నే పోలికయు లేదు గదా. వర్ణసమామ్నాయము కన్న వేఱుగా దీని నేమనవలయును?

సంజ్ఞలు సర్వలోకసామాన్యము లనుట కింగ్లండును అమెరికాయు సమాధానము చెప్పుచున్నవి. రెండు దేశములందును జనులు పలుకునది యొకే యాంగ్లము. అయినను నొకచోటి బధిరుని సంజ్ఞాభాష రెండవచోటి బధిరునికిఁ దెలియదు. అమెరికా వారి భాషకుఁ జుట్టరికము ఫ్రాన్సు వారి సంజ్ఞాభాషతో. దీనికిఁ గారణము చరిత్రయందున్నది. పారిసునుండి వచ్చిన లారెంట్ క్లెర్క్ అను బధిరోపాధ్యాయుఁడు థామస్ గాలడెట్టుతోఁ గలసి 1817వ సంవత్సరమున హార్ట్‌ఫర్డ్ నగరమందుఁ బాఠశాలను నెలకొల్పెను. నోటి భాషకును జేతి భాషకును వంశవృక్షములు వేఱువేఱని దీనివలన స్పష్టమగుచున్నది.

మన దేశపు సంజ్ఞాభాషనే చూతము. ఉల్రికె జేషాన్ అను పండితురాలు భారత పాకిస్తానములందు వ్యవహరింపఁబడు సంజ్ఞాభాషకు వ్రాసిన వ్యాకరణము 2000వ సంవత్సరమున వెలువడినది. అందొక విశేషము తెలుఁగు వైయాకరణులకు మిక్కిలి ప్రీతికరము. ఈ భాషలోఁ బ్రశ్నార్థక సంజ్ఞ సామాన్యముగా నొక్కటియే. దానిని స్థలమును దెలుపు సంజ్ఞతోఁ గూర్చిన నెక్కడ యనియు, గాలమును దెలుపుదానితోఁ గూర్చిన నెప్పుడనియు నర్థ మేర్పడును. ఆ ఈ ఏ అను త్రికమును, ఎక్కడ ఎప్పుడు ఎవఁడు అను పదములలోని యెకారమును నెఱిఁగినవారికి వేఱుగాఁ జెప్పనక్కఱ లేదు. ఈ ప్రశ్నాసంజ్ఞ వాక్యాంతమున నిలుచును. మఱి కారకములసంగతి యేమందురేని, ఇచ్చుట వంటి క్రియలలోఁ జేయి కర్త కేర్పఱచిన చోటినుండి సంప్రదానమున కేర్పఱచిన చోటికిఁ గదలును. కొఱకున్ కై యన్న విభక్తి ప్రత్యయము చేయవలసిన పని యాకాశమున గీచిన యొక దారి చేయుచున్నది. స్త్రీకి సంజ్ఞ ముక్కుపుడక యుండుచోట వ్రేలుంచుట, పురుషునికి మీసము. దేశీయపదమునకు వేఱే నిదర్శన మేల?

ఇంకఁ బ్రాచీనుల మతము. శబ్దమన్న పదమున కర్థము చెవికి వినఁబడునదియే యైనచో మన వాదము మొదటనే యోడిపోవును. పతంజలి పస్పశాహ్నికమున గోవు అను మాటలో శబ్దమేది యని ప్రశ్నించి, దేనిని బ్రకటించినంత గంగడోలు, తోఁక, మూఁపురము, గిట్టలు, కొమ్ములు గల పదార్థము బుద్ధికిఁ దోఁచునో యదియే శబ్దమని చెప్పెను. లోకమున ధ్వనిని శబ్దమందురన్న పక్షమును దరువాతఁ జేర్చెను. సమర్థ పదవిధి సూత్రమునకు వ్రాసిన భాష్యమందు శబ్దప్రయోగము లేకయే కనుసన్నలచేతను హస్తచలనములచేతను బెక్కర్థములు తెలియునని యొప్పికొనెను. ఇచట నాతఁడు హస్తచలనమును శబ్దమునకు వెలిగానే యుంచెననుట నిజము. కాని యాతఁడు చూచినది వినికిడి గలవారి సైగలనే. బధిరు లొకచోటఁ గూడి తరతరములు వ్యవహరించిన భాషను జూచియుండినచో నేమనియుండునో యూహింప నక్కఱలేదు, మొదటి లక్షణమే చాలును. భర్తృహరి స్ఫోటమును నాదమునుండి వేఱుచేసెను. నాదము వ్యంజకము, వ్యంగ్యమైన శబ్దతత్త్వ మఖండము. వ్యంజకము గాలియే కావలయుననియు వెలుఁగు కారాదనియు నాతని సిద్ధాంతమున నే యావశ్యకతయు నాకుఁ గానరాదు. దండి శబ్దమును జ్యోతిస్సని పేర్కొనెను. అది లేనిచో లోకత్రయమును జీఁకటి యగునని యాతని భావము. బధిరునిపట్ల నీ రూపకము వాచ్యార్థమే.

ఇచట నాట్యశాస్త్రజ్ఞుల యాక్షేప మొకటి వచ్చును. మనకు భరతుఁడు చెప్పిన 24 అసంయుతహస్తములు, 13 సంయుతహస్తములు కలవు గదా. సంజ్ఞాభాష యాంగికాభినయమున నంతర్భవించునని వారందురు. ఇది పైకిఁ దోఁచు సామ్యము మాత్రమే. అభినయదర్పణమునఁ బతాకహస్తమునకుఁ జెప్పిన వినియోగములను లెక్కింపుఁడు: మేఘము, అరణ్యము, రాత్రి, నది మున్నగునవి యెన్నియో కలవు. ఏది యెచట గ్రాహ్యమో పాట చెప్పును. చేయి పాట ననుసరించును. పాటను దీసివేసినచో హస్త మనేకార్థములలోఁ దడఁబడును. సంజ్ఞాభాషలో ననుసరింపఁదగిన పాట లేదు. చేయియే పదము, ముఖమే స్వరము. కనుబొమ్మ లెత్తుట యాశ్చర్యాభినయము గాదు, ప్రశ్నవాక్యమునకు గుఱుతు. ఒకటి సాహిత్యమునకు వ్యాఖ్య, రెండవది సాహిత్యమునకే యుపాదానము.

భాష యైనచోఁ గావ్య మున్నదా? ఉన్నది, అదియు ఛందోనియమములతో నున్నది. అమెరికా బధిరుల పాఠశాలలలోఁ బుట్టిన యొక కథారీతి కలదు. ఆంగ్లాక్షరములకు బధిరులు వాడు చేతివ్రేళ్ల యాకృతులు 26. కథకుఁడు మొదటి యక్షరపు హస్తాకారముతో మొదటి సంజ్ఞను, రెండవదానితో రెండవ సంజ్ఞను, ఇట్లు వరుస తప్పక 26 సంజ్ఞలలోఁ గథ ముగింపవలయును. ప్రతి సంజ్ఞకును దన యర్థము తనకుండును. అక్షరక్రమము లోపల నడచును. ఒకటి మొదలు అంకెలవరుసను బాటించు కథలును గలవు. చిత్రకవిత్వమునందుఁ బ్రీతిగల మనకు దీని యందము వెంటనే తెలియును, దీని దోషమును దెలియును. ఇట్టి కథలలోఁ బెక్కు వట్టి చమత్కారములు. నియమము నిలిచి రసము జాఱిపోయినవి. మన బంధకవిత్వమునందు నిదియే గతి గదా. అయినను బాలురు హస్తాకారమను నంగమును వేఱుగా గుర్తించి దానితో నాడుకొనుట స్టోకీ గ్రంథమువంటి శాస్త్రవిచారణ నపేక్షింపలేదు; లక్షణమునకు లక్ష్య మెదురుచూడదు.

నియమము రసమునకు లోఁబడిన కృతులు వేఱు. డొరొతీ మైల్స్ 1931వ సంవత్సరమున వేల్సునఁ బుట్టి యెనిమిదవయేఁట వినికిడిఁ గోలుపోయినది. 1976వ సంవత్సరమున వెలువడిన యామె కవితలసంపుటి యాంగ్లమునందును సంజ్ఞలయందును నొకేమాఱు నడచునట్లు కూర్పఁబడినది. రెండు గుఱ్ఱములపై నిలిచి స్వారిచేయుట వంటి యీ పనిలో నామె కుశలురాలే, కాని యాంగ్లపదము కొఱకు సంజ్ఞ యొదిఁగియుండవలసివచ్చిన చోట్లు నుండక తప్పవు. ఆ సంకెల తెంచికొని సంజ్ఞలకే కట్టుపడిన కవి క్లేటన్ వల్లీ. 1951వ సంవత్సరమునఁ బుట్టి 2003వ సంవత్సరమున గతించిన యీతఁడు కవియు లాక్షణికుఁడును. పాదములలోఁ దగినచోట నొకే హస్తాకారము మరల వచ్చుటను, ఒకే చలనము మరల వచ్చుటను బ్రాసముగా నిరూపించెను. మన పద్యమునఁ బ్రతిపాదమందును రెండవ యక్షరమునకుఁ జెవి యెదురుచూచునట్లు వాని కవితలో హస్తాకారమునకుఁ గన్నెదురుచూచును. రెండు చేతులు గలుగుటవలన మఱియొక సౌలభ్యము కలదు. పింగళి సూరన రాఘవపాండవీయమున నొకే పద్యము రామకథగను భారతకథగను నడచును. కాని పాఠకుఁ డొకమా ఱొకయర్థమును, మఱియొకమాఱు రెండవదానిని జదువుకొనవలయును. సంజ్ఞాకవి కుడిచేత నొకదానిని నెడమచేత మఱియొకదానిని నేకకాలమునఁ జెప్పఁగలఁడు. నోటి కిది యసాధ్యము.

వల్లీ కృతులలో డాండిలయన్ అనునది ప్రసిద్ధము. దాని రసము నెఱుఁగుటకుఁ బూర్వరంగ మొకటి తెలియవలయును. 1880వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఇటలీలోని మిలాన్ నగరమున బధిరవిద్యనుగూర్చి యొక మహాసభ జరిగెను. ప్రతినిధులు 164 మంది. వారిలో బధిరుఁ డొక్కఁడని చెప్పుదురు. నోటిమాటతోడి బోధనమే శ్రేష్ఠమనియు సంజ్ఞలను విడువవలయుననియు సభ తీర్మానించెను. పిమ్మట ననేకదేశముల పాఠశాలలలో బధిరోపాధ్యాయులు తొలఁగింపఁబడిరి. సంజ్ఞ చేసిన బాలుని చేతులు దండింపఁబడినవి. పెదవుల కదలికను జూచి యూహించుటయందును, తనకు వినఁబడని ధ్వనిని బలుకుటయందును బాల్యము గడచిపోయి, చదువు వెనుకఁబడినది. సంజ్ఞాభాష మాత్రము వసతిగృహములలో, రాత్రులందు, పెద్దపిల్లలనుండి చిన్నపిల్లలకు సంక్రమించుచునే యుండెను. ఆ సభకు సంతతి యైన మహాసభ 2010వ సంవత్సరమున వాంకూవరు నగరమునఁ గూడి యా తీర్మానములను నిరాకరించి విచారమును బ్రకటించినది. నడుమఁ గడచినవి 130 సంవత్సరములు.

ఇఁకఁ గవితను జూడుఁడు. పచ్చికబయలిలోఁ బసుపుపచ్చని పూవులు గాలి కూఁగుచున్నవి. ఒకఁడు వచ్చి కలుపుమొక్కలని కోపించి వానిని నాశముచేయును. అవి మరల మొలచును. పూవు పండి తెల్లనై, గాలికి విత్తనములు చెదరి యెగిరిపోవును. ఇంతే. పాఠశాలపేరు లేదు, సభపేరు లేదు, చేతిమాట యనియు లేదు. ఇది యప్రస్తుతప్రశంస, అప్రస్తుతమైన మొక్కవలనఁ బ్రస్తుతమైన భాష గమ్యమగుచున్నది. అయినను మన యన్యాపదేశశ్లోకములకన్న దీనియం దొక యెక్కుడు గుణము కలదు. పూవును జూపుచున్నది చేయి. పెఱికివేయఁబడినదియు నా చేతి భాషయే. వ్యంజకమును వ్యంగ్యమును నొకే యవయవమున నెలకొన్నవి. ఇట్టి చోటు నోటిభాషాకావ్యములలో నరుదు. దీనిని దృశ్యమనుటయా శ్రవ్యమనుటయా? చూడఁబడుచున్నది గాని రూపకము గాదు, పాత్రధారణము లేదు, కవి తన గొంతుతోనే చెప్పుచున్నాఁడు. శ్రవ్యమున కుండవలసిన లక్షణము లన్నియు నుండి వినఁబడుట యొక్కటి లేదు. లాక్షణికులు దృశ్యశ్రవ్యవిభాగమును మరలఁ బరిశీలింపవలసియున్నది.

బధిరుల నిత్యజీవితము తెలియనివారి కీ కవితలలోఁ గొంత యెన్నఁడును దెలియదు. వీరు చప్పట్లు కొట్టరు, చేతులెత్తి యాడింతురు. పిలుచుటకు భుజము తట్టుదురు, లేదా దీపము నార్పి వెలిఁగింతురు; నేలపైఁ గాలితోఁ దట్టి యా యదురును దెలియఁజేయుదురు. ఇంటి తలుపునొద్ద గంటకు బదులు దీపము మెఱయును. అందఱి చేతు లందఱికిఁ గానవచ్చునట్లు వలయముగాఁ గూర్చుందురు. ఒక్కొక్కనికి సంఘ మొక సంజ్ఞానామము నిచ్చును. అది గుణమునుండియో యాకృతినుండియో పుట్టును. దీపము పోయినచో సంభాషణము పోవును. కావునఁ జీఁకటి వారి కవితలలో మనకుఁ దోఁచునంత సులభముగా శాంతికిఁ జిహ్నము గాదు.

లిపి లేని సాహిత్య మెట్లు నిలుచును? సంజ్ఞలను వ్రాయు విధానములు కల్పింపఁబడినవి గాని జనులయందు విరివిగా వ్యాపింపలేదు. తాళపత్రము చేయవలసిన పని ఛాయాచిత్రము చేసినది. జార్జి వెడిట్జ్ అను బధిరనాయకుఁడు సంజ్ఞాభాషను గాపాడవలయునని 1913వ సంవత్సరమున జేసిన యుపన్యాసము చలనచిత్రముగా నిలిచియున్నది. 2010వ సంవత్సరమున నది అమెరికా జాతీయ చలనచిత్రముల పట్టికయందుఁ జేర్పఁబడినది. నూఱేండ్లనాఁటి వక్త చేతుల తీరు నేఁడును మనకుఁ బ్రత్యక్షము. తిక్కన గొంతు మనకు లేదు. ఇప్పుడు అంతర్జాలమున నీ యుపన్యాసమును, కవితలను, బధిరకుటుంబముల దినచర్యలను నిల్లు కదలకయే చూడవచ్చును. భాషాపరిశోధకునికిఁ దాళపత్రగ్రంథాలయము వాకిటికి వచ్చినట్లే.

మన దేశమునఁ బ్రకటింపఁబడిన ప్రధానగ్రంథము సంజ్ఞానిఘంటువు. 2015వ సంవత్సరమున నేర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2018వ సంవత్సరమున 3,000 పదములతోఁ దొలికూర్పును, 2019వ సంవత్సరమున 6,000 పదములతో రెండవదానిని, 2021వ సంవత్సరమున 10,000 పదములతో మూఁడవదానిని వెలువరించెను. ఉపకారము గొప్పది, న్యాయ వైద్య వ్యవసాయ పదములకుఁ గూడ నిందు సంజ్ఞలు చూపఁబడినవి. విమర్శింపవలసినది దీని కూర్పు. పదము నోటిభాషది, ప్రక్కన సంజ్ఞ. తెలుఁగునకుఁ దెలుఁగు పదముల వరుసలో నొక్క నిఘంటువును లేక, ఆంగ్లపదములను వెదకి తెలుఁగర్థములను గనవలసియున్నచోఁ దెలుఁగువాఁ డేమనును? బ్రౌను దొర రెండు దిక్కులందును నిఘంటువులు కూర్చెను. ఇచట రెండవ దిక్కు కావలసియున్నది. వీథిలోఁ జూచిన సంజ్ఞ కర్థ మేమని వెదకువాఁడు హస్తాకారమునుబట్టి, స్థానమునుబట్టి వెదకఁగలుగవలయును. స్టోకీ 1965వ సంవత్సరమునఁ దన నిఘంటువును సంజ్ఞల యంగముల క్రమముననే కూర్చెను. సహకర్తలగు డొరొతీ కాస్టర్‌లైను, కార్ల్ క్రోన్‌బర్గు లిరువురును బధిరులే.

2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము దేశమంతటికిఁ బ్రామాణికమైన సంజ్ఞాభాష నేర్పడవలయునని కోరినది. 2021వ సంవత్సరమున జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో నీ భాష పాఠ్యవిషయ మైనది. ప్రామాణికత్వము పేర నొకయూరి సంజ్ఞను తప్పనుట యెంత దూరము పోవునో గ్రాంథిక వ్యావహారిక వాదములను జూచిన తెలుఁగు పండితులకుఁ జెప్పవలయునా? ఆ నీతివిధానమే స్థానికసంజ్ఞలను గౌరవింపవలయుననియుఁ జెప్పుట సంతోషము. ఆంధ్ర తెలంగాణములలోని బధిరపాఠశాలల వసతిగృహములందుఁ బెద్దలు పిల్లలకుఁ జెప్పు కథలను, ఆటలను, సంజ్ఞానామములను జిత్రించి భద్రపఱచుట పరిశోధకసంఘములు పూనఁదగిన పని. జానపదగేయములను సేకరించినవారి కీ మార్గము క్రొత్తది గాదు.

వీనిని దెనిఁగింపఁబూనువారికి నొకమాట. సంజ్ఞాకవితను ఉత్పలమాలలోఁ బెట్టినచో యతిప్రాసములు ధ్వనిని దెచ్చి, ధ్వని లేని చోటఁ గూర్చుండఁబెట్టును. హస్తాకారముల ప్రాసము పోవును. గద్యమున భావము వ్రాసి, యే సంజ్ఞ యే యాకారముతో నెచట మరల వచ్చినదో టీకగాఁ బాదపాదమునకును జూపి, చిత్రమును వెంట నుంచుట మేలు. వల్లీ కవితకైనను, వసతిగృహమునఁ బిల్లవాఁడు చెప్పిన యంకెల కథకైనను నీ పద్ధతియే తగును.